మంట, ఆవిరి, నూనె, మిఠాయి: కెనడాలో గంజాయి కొనే ముందు తెలియాల్సిన వేడి లెక్క

కెనడాలో లైసెన్సు ఉన్న దుకాణంలో అమ్మే ఎండు గంజాయి డబ్బా మీద రెండు అంకెలు పక్కపక్కనే కనిపించవచ్చు. ఒకటి టీహెచ్‌సీ, రెండోది టోటల్ టీహెచ్‌సీ. ఉదాహరణకు మొదటిది గ్రాముకు 8 మిల్లీగ్రాములు, రెండోది 200 మిల్లీగ్రాములు అని ఉంటుంది. కొత్తగా కొనేవారు మొదటి అంకె చూసి ఇది చాలా తేలికైన సరుకు అనుకుంటారు. నిజానికి అది గట్టి సరుకు. మొదటి అంకె డబ్బాలో ఇప్పుడున్న మత్తు పదార్థాన్ని చెబుతుంది. రెండోది అదే సరుకుకు తగినంత వేడి తగిలాక ఎంత మత్తు పదార్థం తయారవుతుందో చెబుతుంది. ఆ 8కీ ఈ 200కీ మధ్య జరిగేదంతా వేడి చేసే పనే.

అందుకే పొగ తాగాలా, ఆవిరి పీల్చాలా, నూనె వేసుకోవాలా, మిఠాయి తినాలా అనే ప్రశ్నకు సరుకు పేరు చూసో, రుచి చూసో జవాబు వెతకడం తప్పుదారి. దానికి ఎంత వేడి తగులుతుంది, ఎప్పుడు తగులుతుంది, ఆ తర్వాత అది ఊపిరితిత్తుల గుండా వెళుతుందా, కాలేయం గుండా వెళుతుందా అన్నవి తేల్చుకుంటే ఎంపిక చాలావరకు దానంతటదే కుదురుతుంది. కెనడాలో చట్టం అనుమతించే వయసు దాటిన తెలుగువారిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ వయసు ఆల్బర్టాలో 18, క్యుబెక్‌లో 21, మిగతా చోట్ల 19. నిద్ర కోసం, మోకాళ్ల నొప్పుల కోసం ఏ నూనె మంచిదని అడిగే పెద్దవారు, స్నేహితుల ఇంట్లో ఇచ్చిన గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) తిని భయపడిపోయిన విద్యార్థులు, ఇద్దరికీ తెలియాల్సిన విషయం ఒక్కటే.

మొక్కలో ఉన్నది, వేడి చేసేది

పచ్చి గంజాయి మొక్కలో మత్తునిచ్చే టీహెచ్‌సీ దాదాపు ఉండదు. ఉండేది టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. అలాగే మత్తు ఎక్కించని సీబీడీ అనే పదార్థం బదులు సీబీడీఏ ఉంటుంది. ఈ రెండు ఆమ్లాలూ సీబీజీఏ అనే ఒకే మూల పదార్థం నుంచి మొక్కలో తయారవుతాయి. టీహెచ్‌సీఏ అణువుకు కార్బన్, ఆక్సిజన్‌లతో కూడిన ఒక కొస అతుక్కుని ఉంటుంది. వేడి తగిలితే ఆ కొస ఊడి కార్బన్ డయాక్సైడ్ వాయువుగా గాలిలో కలుస్తుంది, టీహెచ్‌సీ మిగులుతుంది. రసాయనశాస్త్రంలో దీన్ని డీకార్బాక్సిలేషన్ అంటారు. ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహియెల్ గావోని 1964లో టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణాన్ని తేల్చాకే ఈ లెక్కలన్నీ వీలయ్యాయి.

కొస ఊడితే అణువు బరువు కూడా తగ్గుతుంది. టీహెచ్‌సీఏ అణుభారం సుమారు 358, టీహెచ్‌సీది 314. అంటే 100 మిల్లీగ్రాముల ఆమ్లం పూర్తిగా మారినా వచ్చేది 87.7 మిల్లీగ్రాములే. డబ్బా మీద రెండో అంకె ఈ లెక్కతోనే వేస్తారు. గ్రాము పూమొగ్గలో 219 మిల్లీగ్రాముల టీహెచ్‌సీఏ, 8 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్నాయనుకోండి. 219ని 0.877తో గుణిస్తే 192. దానికి 8 కలిపితే 200. ఇది గరిష్ఠం. మీ శరీరంలోకి చేరేది ఎప్పుడూ ఇంతకంటే తక్కువే, ఎంత తక్కువ అన్నది మీరు ఎంచుకునే పద్ధతి మీద ఆధారపడుతుంది.

ఈ మార్పుకు వేడి, సమయం రెండూ కావాలి. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. గది ఉష్ణోగ్రతలో డబ్బాలో పడి ఉన్నా నెలల తరబడి మెల్లగా మారుతూనే ఉంటుంది. 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర అర గంట నుంచి గంట పడుతుంది. 150 దగ్గర నిమిషాల్లో అయిపోతుంది. నిప్పు అంటిస్తే క్షణాల్లో.

వేడి పెంచితే లాభమే అనుకోవద్దు. తయారైన టీహెచ్‌సీ కూడా వేడికి, వెలుతురుకు, గాలికి చెడిపోతూ సీబీఎన్ అనే మరో పదార్థంగా మారుతుంది, దానికి మత్తు చాలా తక్కువ. వాసననిచ్చే టెర్పీన్లు ఇంకా సున్నితమైనవి. దేవదారు వాసన ఇచ్చే పైనీన్ 156 డిగ్రీల దగ్గర, మిర్సీన్ 167 దగ్గర, నిమ్మ వాసన ఇచ్చే లిమొనీన్ 176 దగ్గర, లినాలూల్ 198 దగ్గర మరుగుతాయి. మరిగే దాకా కూడా ఆగవు, అంతకు చాలా ముందే ఆవిరై పోవడం మొదలుపెడతాయి. పోపులో ఆవాలు చిటపటలాడే లోపే మెంతులు మాడినట్లు, ఇక్కడ కూడా ఒకదానికి సరిపోయే వేడి ఇంకోదానికి ఎక్కువవుతుంది.

ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికల్లో టీహెచ్‌సీ 157 డిగ్రీల దగ్గర మరుగుతుందని రాసి ఉంటుంది. అది గాలిని దాదాపు పూర్తిగా తీసేసిన పాత్రలో కొలిచిన అంకె. మామూలు గాలి పీడనంలో దానికి అర్థం లేదు. 157 దగ్గర పరికరం పెట్టి ఆవిరి సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేసేవారు పరికరాన్ని కాదు, ఆ పట్టికను అనుమానించాలి.

పొగ

ముందుగా దీన్ని పక్కన పెడదాం. చుట్టి అంటించిన గంజాయి మొన దగ్గర వేడి 600 నుంచి 900 డిగ్రీల దాకా ఉంటుంది. టీహెచ్‌సీ తయారుకావడానికి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. మిగిలిన వేడంతా మొక్కను కాల్చి కార్బన్ మోనాక్సైడ్, తారు, బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పుట్టించడానికే పనికొస్తుంది. టీహెచ్‌సీలో కొంత మంటలోనే నాశనమవుతుంది, కొంత దమ్ముకూ దమ్ముకూ మధ్య గాలిలోకి పోతుంది. ఎక్కువ సేపు ఊపిరి బిగబట్టడం వల్ల టీహెచ్‌సీ పెద్దగా ఎక్కదు, తారు మాత్రం లోపల పేరుకుంటుంది. పొగాకు కలిపి చుట్టేవారికి నికొటిన్ అలవాటు అదనం.

పొగకు ఉన్న ఒకే ఒక మంచి గుణం వేగం. ఫలితం కొన్ని నిమిషాల్లో తెలుస్తుంది కాబట్టి చాలనిపించిన చోట ఆగవచ్చు. అదే గుణం ఆవిరికీ ఉంది. అందువల్ల పొగను ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. పసిపిల్లలో, ఉబ్బసం ఉన్నవారో ఉండే ఇంట్లో అయితే చర్చే అనవసరం.

ఎండు పూమొగ్గల ఆవిరి

వేపరైజర్ అనే పరికరంలో మొగ్గలను మంట పెట్టకుండా వేడి చేస్తారు. జర్మనీలోని టుట్లింగెన్‌లో స్టోర్జ్ అండ్ బికెల్ సంస్థ తయారుచేసే వోల్కనో ఈ రకంలో బాగా పేరున్నది. పరిశోధనల్లో ఎక్కువగా వాడేదీ అదే. కొన్ని పరికరాల్లో వేడి గాలి మొగ్గల మధ్య నుంచి పోతుంది, కొన్నింటిలో గిన్నె గోడలే వేడెక్కి మొగ్గలకు తగులుతాయి. గోడలు వేడెక్కే రకంలో అంచులు మాడి మధ్య భాగం పచ్చిగా మిగలవచ్చు, కాబట్టి మధ్యలో ఒకసారి కలపాలి. డబ్బు పెట్టగలిగితే వేడి గాలి రకమే కొనమంటాను.

పనికొచ్చే వేడి స్థూలంగా 170 నుంచి 220 డిగ్రీలు. 175, 180 దగ్గర మొదలుపెడితే టెర్పీన్ల వాసన బాగా తెలుస్తుంది, ఆవిరి పల్చగా వస్తుంది, మత్తు మెల్లగా ఎక్కుతుంది. 200 దాటితే ఆవిరి చిక్కబడుతుంది, గొంతు మండుతుంది, టీహెచ్‌సీ ఎక్కువగా వస్తుంది. 230 దాటాక మొక్క పదార్థం మాడడం మొదలవుతుంది, అంటే మీరు వదులుకుని వచ్చిన పొగ మళ్లీ పలకరిస్తుంది. కొత్తవారు 180 దగ్గర ఒక్కసారి పీల్చి పది పదిహేను నిమిషాలు ఆగి చూడాలి. ఆవిరి కనిపించలేదని వేడి పెంచడం తొందరపాటు, కంటికి కనిపించని ఆవిరిలో కూడా టీహెచ్‌సీ ఉంటుంది.

గిన్నె తెరిచి చూస్తే మీ పద్ధతి సరైనదో కాదో తెలుస్తుంది. వాడిన మొగ్గలు లేత గోధుమ రంగు నుంచి వేయించిన కాఫీ గింజల రంగు మధ్యలో ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే వేడి చాలలేదు. నల్లగా, వేలితో నలిపితే మసి అంటుకునేలా ఉంటే వేడి ఎక్కువైంది, బూడిద కనిపిస్తే కాలిపోయింది. ఇంకో సంగతి: ఆ గోధుమ రంగు మొగ్గల్లో మిగిలిన టీహెచ్‌సీ అప్పటికే మారిపోయి ఉంటుంది. పచ్చి మొగ్గలు తింటే ఏమీ కాని మనిషికి కూడా ఇవి తింటే మత్తెక్కుతుంది. ఇంట్లో చిన్న పిల్లలో, కుక్కో ఉంటే చెత్తబుట్టలో ఊరికే పారేయకండి.

ఆవిరి గురించి రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చదవాలి. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనాల్డ్ అబ్రామ్స్ బృందం వోల్కనోను పొగతో పోల్చింది. రక్తంలో టీహెచ్‌సీ దాదాపు సమానంగానే ఉంది, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఆవిరి పీల్చినవారిలో బాగా తక్కువ. ఇది సంతోషించాల్సిన విషయం. 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పుడప్పుడూ మాత్రమే వాడేవారికి 10, 25 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఇచ్చి చూశారు. అదే మోతాదు పొగలో కంటే ఆవిరిలో గట్టిగా పనిచేసింది, తడబాటు, ఆందోళన ఎక్కువయ్యాయి. మంటలో నాశనమయ్యే భాగం ఇక్కడ మిగులుతుంది మరి. పొగ మానేసి ఆవిరికి మారేవారు పాత కొలతే వాడితే దెబ్బతింటారు.

కార్ట్రిడ్జ్‌లు, వేడి పలక మీద వేసే మైనం

పెన్ను ఆకారంలో ఉండే వేప్ కార్ట్రిడ్జ్‌ను పైన చెప్పిన వేపరైజర్‌తో కలిపి ఆలోచించకూడదు. ఇందులో ఉండేది మొగ్గలు కాదు, వాటి నుంచి తీసిన సారం. దానికి తగిలే వేడి ఎంతో చాలా పెన్నుల్లో మీకు కనిపించదు, మీ అదుపులో ఉండదు. 2019లో అమెరికాలో వేప్ పెన్నుల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రిలో చేరారు లేదా చనిపోయారు. వారిలో మరణాలు 68. సారాన్ని చిక్కగా చూపడానికి దొంగ సరుకులో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌తో ఆ జబ్బుకు గట్టి సంబంధం కనిపించింది. చర్మానికి రాస్తే హాని చేయని పదార్థమే, వేడెక్కించి పీల్చితే ప్రాణాల మీదికి వచ్చింది. స్నేహితుడు ఎక్కడినుంచో తెచ్చిన, ప్రభుత్వ ముద్ర లేని కార్ట్రిడ్జ్‌ను ముట్టుకోకండి.

మైనంలా గట్టిపడిన సారాన్ని ఎర్రగా కాల్చిన లోహపు పలక మీద వేసి పీల్చడాన్ని డాబింగ్ అంటారు. ఇందులో టీహెచ్‌సీ 60, 70, 80 శాతం కూడా ఉంటుంది. 2017లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ వేడిలో టెర్పీన్లు ఏమవుతాయో పరీక్షించారు. ఊపిరితిత్తులను మండించే మెథాక్రొలీన్, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ పుట్టాయి, వేడి పెరిగే కొద్దీ అవీ పెరిగాయి. సహజమైన వాసన పదార్థం కదా అని మరికొంత కలపడం ఆరోగ్యకరమని ప్రచారం చేసేవారు ఈ సంగతి దాచేస్తారు. కొత్తవారికి ఈ పద్ధతిని నేను ఏ పరిస్థితిలోనూ సూచించను.

నూనె, క్యాప్సూల్

ఇక్కడ వేడి పని కర్మాగారంలోనే పూర్తవుతుంది. సీసా మీద రెండు అంకెలూ ఉంటే చూడండి. మిల్లీలీటరుకు టీహెచ్‌సీ 10, టోటల్ టీహెచ్‌సీ 10 అని రెండూ ఒకటేగా, లేదా చాలా దగ్గరగా ఉంటే ఆమ్లమంతా ముందే మారిపోయిందని అర్థం. మళ్లీ వేడి చేయాల్సిన పని లేదు, చేయకూడదు కూడా. కెనడాలో 2005లో వైద్యుల చీటీ మీద అనుమతి పొందిన నోటి స్ప్రే సాటివెక్స్ తయారీలోనూ మొక్కను ముందు వేడి చేసి, ఆ తర్వాతే సారం తీస్తారు.

నూనెలో నాకు నచ్చేది కొలత. ప్రమాణం గీసిన సిరంజిలో పావు మిల్లీలీటరు తీసుకుంటే 2.5 మిల్లీగ్రాములు, అంతే. పొగలోనూ ఆవిరిలోనూ ఈ స్పష్టత దొరకదు. నాలుక కింద వేసుకుంటే వెంటనే పనిచేస్తుందని దుకాణంలో చెబుతారు. ఆచరణలో నూనెలో ఎక్కువ భాగం లాలాజలంతో పాటు మింగుడుపడిపోతుంది. అందువల్ల దీన్ని కూడా తినే పదార్థంగానే లెక్కేసుకుని ఓపిక పట్టడం మంచిది.

తినేవి

గమ్మీలు, చాక్లెట్లు, పానీయాలు. కెనడాలో గంజాయి 2018 అక్టోబరు 17న చట్టబద్ధమైంది. తినే పదార్థాలకు నియమాలు సరిగ్గా ఏడాదికి, 2019 అక్టోబరు 17న అమలులోకి వచ్చాయి. ఒక ప్యాకెట్‌లో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించకూడదు. ఈ పరిమితి చాలా తక్కువని వ్యాపారులు గొడవ చేస్తారు, నేను మాత్రం మంచి నియమమే అంటాను.

పీల్చినది ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, అక్కడినుంచి మెదడుకు పోతుంది. తిన్నది పేగుల నుంచి ముందు కాలేయానికి వెళుతుంది. కాలేయం టీహెచ్‌సీలో కొంత భాగాన్ని 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మారుస్తుంది. ఇది కూడా మత్తునిచ్చేదే, మెదడులోకి సులువుగా చేరుతుంది. తిన్న టీహెచ్‌సీలో రక్తంలోకి టీహెచ్‌సీగానే చేరేది సగటున 6 శాతం దగ్గరే, పీల్చినప్పుడు 10 నుంచి 35 శాతం. అయినా తిన్నది బలహీనం కాదు, ఆ 11-హైడ్రాక్సీ రూపం వల్ల.

సమయమే ఇక్కడ అసలు ప్రమాదం. కెనడా ఆరోగ్యశాఖ చెప్పే ప్రకారం పీల్చిన దాని ప్రభావం సెకన్ల నుంచి నిమిషాల్లో మొదలై, అర గంటలో శిఖరానికి చేరి, 6 గంటల వరకు ఉంటుంది. తిన్న దాని ప్రభావం మొదలవడానికే 30 నిమిషాల నుంచి 2 గంటలు, శిఖరానికి చేరడానికి 4 గంటలు పట్టవచ్చు, 12 గంటల వరకు ఉండవచ్చు. దేనికైనా మిగులు మత్తు 24 గంటల దాకా సాగవచ్చు. ఎనిమిదింటికి ఒక ముక్క తిని, తొమ్మిదిన్నరకు ఏమీ కాలేదని రెండోది తిని, పదిన్నరకు రెండూ కలిసి ఎక్కితే గుండె దడదడలాడి చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంటుంది. అత్యవసర విభాగానికి పరుగెత్తే విద్యార్థుల కథలు దాదాపు ఇలాగే మొదలవుతాయి. మొదటిసారి 2.5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ తీసుకోవాలి. ఆ రాత్రికి రెండో ముక్క వద్దు. నెయ్యి, చీజ్ లాంటి కొవ్వుతో తింటే మరింత ఎక్కువగా ఒంటికి పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మద్యంతో కలిపితే పరిస్థితి అదుపు తప్పుతుంది.

చాక్లెట్, గమ్మీ చూడడానికి మిఠాయే కాబట్టి పిల్లలు ఆగరు. ఇవి చట్టబద్ధమయ్యాక చిన్నపిల్లలు పొరపాటున తిని ఆస్పత్రి పాలైన సంఘటనలు ఆంటారియోలో పెరిగాయి. తాళం పెట్టిన అరలో, వచ్చిన డబ్బాలోనే ఉంచండి. పిల్లవాడు తిన్నాడని అనుమానం వస్తే కెనడా విష చికిత్స సలహా కేంద్రం నంబరు 1-844-764-7669 (క్యుబెక్‌కు వేరే నంబరు ఉంది). మగతగా ఉన్నా, ఊపిరి మెల్లగా తీస్తున్నా నేరుగా 911.

ఇంటి వంట, టీ, భంగు

సొంత వాడకానికి ఇంట్లో వండుకోవడం కెనడాలో నేరం కాదు, బ్యూటేన్ లాంటి మండే ద్రావకాలు వాడితేనే నేరం. అయినా కొత్తవారికి వద్దనే చెబుతాను. కారణం అంకెల్లో ఉంది. 20 శాతం ఉన్న ఒక్క గ్రాము మొగ్గలో పూర్తిగా మారితే 200 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. దాన్ని నేతిలో కలిపి 20 ముక్కలు కోసినా ముక్కకు 10, అంటే కొత్తవారి మోతాదుకు నాలుగు రెట్లు. అదీ నెయ్యి పిండిలో సమానంగా కలిస్తే. కలవకపోతే ఒక ముక్కలో 3, పక్క ముక్కలో 25 ఉండవచ్చు. ఇంటి ఓవెన్ మీద 110 అని తిప్పినంత మాత్రాన లోపల 110 ఉండదు, పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. వేడి చాలక సగమే మారిన సరుకు తిని తేలికగా ఉందనుకున్నవారు, మరుసటిసారి సరిగ్గా వేడైనది అంతే తిని పడిపోతారు.

నీళ్లలో కాచేవి వేరే కథ. నీరు 100 డిగ్రీలు దాటదు, టీహెచ్‌సీ నీటిలో కరగదు. నెదర్లాండ్స్‌లో రోగులకు సూచించిన టీ పద్ధతి గ్రాము మొగ్గలను లీటరు నీటిలో 15 నిమిషాలు మరిగించడం. ఆ టీని పరీక్షిస్తే అందులో టీహెచ్‌సీ కంటే టీహెచ్‌సీఏనే ఎక్కువ కనిపించింది. ఉత్తరాదిన హోలీకి తాగే భంగులో ఆకును నూరి పాలలో కలుపుతారు. పాలలోని వెన్న టీహెచ్‌సీని పట్టుకుంటుంది కాబట్టి నీళ్ల టీ కంటే ఇది గట్టిగా పనిచేస్తుంది. ఎంత గట్టిగా అన్నది ఆకు ఎంత పాతది, ఎంత ఎండింది, ఎంత సేపు కాచారు అనే వాటిని బట్టి మారుతుంది, తాగే మనిషికి ఇవేవీ తెలియవు.

పచ్చి ఆకు రసంలో ఉండేది ఆమ్ల రూపం. మత్తు రాదు. దానితో జబ్బులన్నీ నయమవుతాయని అమ్మేవారి మాటలకు మనుషుల మీద జరిగిన గట్టి పరీక్షల ఆధారం లేదు.

మరి ఎవరికి ఏది

నిద్ర కోసమో, నొప్పి కోసమో ఆలోచించే పెద్దవారు ముందు డాక్టరుతో, మందుల షాపు ఫార్మసిస్టుతో మాట్లాడాలి. ఈ మాట మర్యాదకు చెప్పడం లేదు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందుతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మూర్ఛకు వాడే క్లోబజామ్ స్థాయిని సీబీడీ పెంచుతుంది. డాక్టరు సరేనంటే నూనె ఎంచుకోండి, రెండు అంకెలూ ఉంటే అవి సమానంగా ఉన్నది, టీహెచ్‌సీ తక్కువ, సీబీడీ ఎక్కువ ఉన్నది. 1 మిల్లీగ్రాము టీహెచ్‌సీతో మొదలుపెట్టినా తప్పు లేదు. రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు తూలి పడడం ఈ వయసులో అన్నిటికంటే పెద్ద ముప్పు. మొదటి రోజుల్లో ఇంట్లో ఎవరైనా తోడు ఉండాలి.

వికారం, ఉన్నట్టుండి వచ్చే నొప్పి లాంటి వాటికి వైద్య సలహాతో వాడేవారికి నూనె రెండు గంటల దాకా ఆలస్యం. అక్కడ ఎండు మొగ్గల వేపరైజర్ సరైనది, 180 దగ్గర, గ్రాముకు 100 మిల్లీగ్రాములు మించని సరుకుతో.

సరదాకు ఒకసారి చూద్దామనుకునే ఆరోగ్యవంతులకు లైసెన్సు దుకాణంలో కొన్న 2.5 మిల్లీగ్రాముల గమ్మీ, ఇంట్లో, మరుసటి రోజు పని లేని రోజున. ఆగలేని స్వభావం ఉన్నవారికి మాత్రం గమ్మీ కంటే వేపరైజరే మేలు, ఫలితం వెంటనే తెలుస్తుంది కాబట్టి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇంట్లో స్కిజోఫ్రీనియా చరిత్ర ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, 25 ఏళ్లు నిండని విద్యార్థులు ఈ జాబితాలో ఏదీ ఎంచుకోవద్దు. మెదడు ఎదుగుదల ఆ వయసు దాకా సాగుతుంది, వేడి తగ్గించడం వల్ల ఆ ప్రమాదం తగ్గదు.

వాహనం, సరిహద్దు, విమానం

కెనడాలో వాహనం నడిపిన రెండు గంటల లోపు రక్తంలో మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల టీహెచ్‌సీ ఉన్నా నేరమే, 5 లేదా అంతకు మించితే శిక్ష ఇంకా పెద్దది. 2018 డిసెంబరు నుంచి మత్తులో నడపడానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు కాబట్టి వలస చట్టం దాన్ని తీవ్ర నేరంగా చూస్తుంది. స్టడీ పర్మిట్, పీఆర్ రెండూ పోయే అవకాశం ఉంది.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం వేరు, వలస వ్యవహారాలన్నీ ఆ ఫెడరల్ చట్టం కిందే నడుస్తాయి. ఎఫ్-1, హెచ్-1బీ, చివరికి గ్రీన్‌కార్డు ఉన్నవారు కూడా వాడామని అధికారి ముందు ఒప్పుకుంటే చిక్కుల్లో పడవచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వ్యవహారం పౌరసత్వానికి అడ్డం కావచ్చని 2019 ఏప్రిల్‌లో అమెరికా వలస విభాగం రాతపూర్వకంగా చెప్పింది. కెనడా నుంచి సరిహద్దు దాటి ఏ రూపంలోనూ తీసుకెళ్లకూడదు, బయటి నుంచి తీసుకురాకూడదు. డాక్టరు చీటీ ఉన్నా అంతే.

భారతదేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూమొగ్గలను గంజాయిగా నిషేధించింది. మొగ్గలు లేని ఆకును, గింజను ఆ నిర్వచనం నుంచి మినహాయించింది, భంగు మీద రాష్ట్రాలు తమ తమ నియమాలు పెట్టుకున్నాయి. కెనడా సీసాల్లో, గమ్మీల్లో ఉన్న సారానికి ఈ మినహాయింపు వర్తించదు. అందులో మత్తు పదార్థం కొన్ని మిల్లీగ్రాములే, మిగతాది చక్కెర కదా అనే వాదన కూడా నిలవదు: మత్తు పదార్థం వేరే దానితో కలిసి ఉంటే శిక్షకు మొత్తం బరువునే లెక్కించాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ విమానం ఎక్కే ముందు పెట్టెతో పాటు చేతి సంచి, చలికోటు జేబులు కూడా ఒకసారి ఖాళీ చేసి చూసుకోండి.